సుత్తి మోత వినపడదు, చినుకు వినపడుతుంది

మాది విజయవాడలో సింగ్‌నగర్. పగలు ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో లెక్కలు రాస్తాను. నా టేబుల్‌కి ఇవతల రేకు కొడుతుంటారు, అవతల గ్రైండర్ తిరుగుతుంటుంది. కొత్తవాళ్లు వస్తే చెవులు మూసుకుంటారు. జీఎస్టీ బిల్లులు ముందేసుకుంటే నాకు అవేవీ వినపడవు. అదే రాత్రి మా డాబా మీది రేకులపై నాలుగు చినుకులు పడితే చాలు, ఎంత నిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా వీధిలోకి వచ్చినప్పటి నుంచి ఇదే వరస.

అంత మోతను వదిలేసే చెవులు ఇంత చిన్న చప్పుడు ఎలా పట్టుకుంటున్నాయి? నేను చూపించుకునే మానసిక వైద్యురాలిని ఇదే అడిగాను. “చెవుల పని కాదమ్మా ఇది. ఏది లోపలికి రానివ్వాలో మెదడు ఎంచుకుంటుంది” అన్నారు. ఆ మాట పట్టుకుని దొరికినంత చదివాను.

చూసేది, వినేది, ఒంటికి తగిలేది, వాసన తప్ప దాదాపు అన్నీ మెదడు మధ్యలో ఉండే థాలమస్ మీదుగా పై భాగాలకు వెళ్తాయి. దాని చుట్టూ పలచటి పొరలాగా ఉన్న నరకణాలు కొన్ని సంకేతాలను తగ్గిస్తాయి. చేస్తున్న పనికి ఏది కావాలో నుదుటి వెనక భాగం చూసుకుంటుంది. ఏది ప్రమాదమో మెదడు లోపల ఉండే అమిగ్డాలా అనే చిన్న భాగం చూసుకుంటుంది. మామూలు రోజుల్లో ఈ రెండూ సర్దుకుపోతాయి. ఆందోళన పెరిగితే రెండోదాని మాటే ఎక్కువ చెల్లుతుంది.

1953లో కోలిన్ చెర్రీ అనే పరిశోధకుడు ఒక ప్రయోగం చేశాడు. కొంతమందికి రెండు చెవుల్లో రెండు వేర్వేరు ప్రసంగాలు వినిపించి, ఒకదాన్ని మాత్రం పైకి అనమన్నాడు. రెండో చెవిలో ఏం వచ్చిందో వాళ్లు చెప్పలేకపోయారు. అక్కడ ఇంగ్లీషు ఆగి జర్మన్ మొదలైనా పట్టుకోలేదు. కానీ 1959లో నెవిల్ మోరే అనే ఇంకో పరిశోధకుడు ఆ పట్టించుకోని చెవిలో వినేవాళ్ల పేరు పలికించినప్పుడు, మూడోవంతు మంది దాకా గుర్తుపట్టారు. అంటే వదిలేసిన చప్పుళ్లను కూడా మెదడు ఎంతోకొంత తడిమి చూస్తూనే ఉంటుంది, మనకు ముఖ్యమైనది కనిపిస్తే పైకి పంపుతుంది. వరద తర్వాత చినుకు నా పేరంత ముఖ్యమైపోయింది. మెట్ల మీద నీళ్లు ఎక్కుతుంటే, మంచినీళ్ల ప్యాకెట్ల కోసం డాబా మీంచి పడవల్ని కేకేసి పిలిచిన మనిషికి అలా కావడంలో వింతేమీ లేదు.

“ఊరికే టెన్షన్ పడకు, ఆలోచించడం మానెయ్” అని చెప్పేవాళ్లు మా చుట్టూ చాలామంది. ప్రేమతోనే అంటారు. కానీ ఇది ఆలోచన కంటే ముందే జరిగిపోయే పని. 1986లో మెక్లియోడ్, మాథ్యూస్, టాటా అనే పరిశోధకులు తెర మీద రెండు పదాలు చూపించారు, ఒకటి భయపెట్టేది, ఒకటి మామూలుది. వెంటనే ఆ రెంటిలో ఒకదాని చోట చుక్క పెట్టారు. చుక్క భయపెట్టే పదం ఉన్నచోట వస్తే ఆందోళన రోగులు దాన్ని త్వరగా పట్టుకున్నారు, ఎందుకంటే వాళ్ల ధ్యాస అప్పటికే అక్కడుంది. ఇక తలచుకోకుండా ఉండటం సంగతి. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని డేనియల్ వెగ్నర్ 1987లో విద్యార్థులకు చెబితే, అది మళ్లీ మళ్లీ గుర్తొచ్చింది. వానని వినకూడదు అనుకున్న రాత్రి నాకు వాన తప్ప ఇంకేదీ వినపడదు.

ఈ మధ్య వీడియోల్లో, మెదడును మెలకువగా ఉంచే రెటిక్యులర్ యాక్టివేటింగ్ సిస్టమ్ అనే నరాల అల్లిక పేరు బాగా వినిపిస్తోంది. దానికి మీ కోరిక గట్టిగా చెప్పుకుంటే అవకాశాలన్నీ అదే వెతికి చూపిస్తుందంటారు. నేను ఒప్పుకోను. 1949లో మొరుజ్జీ, మాగూన్ అనే శాస్త్రవేత్తలు పిల్లుల్లో చూపించింది మెదడు మెలకువలోకి రావడం గురించి. కోరికలు తీరడానికి దాంతో ముడిపెట్టి భయపడుతున్న మనిషికి అమ్మడం నాకు బాధగా ఉంటుంది.

డాక్టరుగారు చెప్పింది వేరు. చినుకు పడగానే లేచి వీధిలోకి టార్చి వేసి చూసి, ఫోన్లో గ్రూపులన్నీ తిరగేసి, హమ్మయ్య అని పడుకుంటే, ‘చూశాను కాబట్టి గండం తప్పింది’ అని మెదడు నేర్చుకుంటుంది. అందుకే చినుకు విలువ తగ్గదు. లేవకుండా ఉండటం మొదట్లో చాలా కష్టం, గుండె చెవుల్లో కొట్టుకుంటుంది. ఆ సమయంలో ధ్యాసకి పని ఇవ్వాలి. పడుకునే ఫ్యాను చప్పుడు కాసేపు వింటాను, తర్వాత ఫ్రిజ్, తర్వాత దూరంగా రైలు, తర్వాత వాన, మళ్లీ ఫ్యాను. వానని తోసెయ్యను, నాలుగు చప్పుళ్లలో అదీ ఒకటి. 1990లో ఏడ్రియన్ వెల్స్ అనే మనస్తత్వవేత్త ఇలాంటి అభ్యాసాన్నే చికిత్సగా రూపొందించాడు. దాన్ని ముందుగా, మనసు కుదురుగా ఉన్నప్పుడు సాధన చేసుకోవాలి. నేను షెడ్డులో భోజనం అయ్యాక సుత్తి, గ్రైండర్, రోడ్డు మీద హారన్లు ఒక్కోటీ విడదీసి వింటాను.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. బుడమేరు భయం ఉత్తుత్తి భయం కాదు. కాగితాలన్నీ పై అరలో ప్లాస్టిక్ కవర్లో పెట్టాను. వానాకాలంలో సాయంత్రం ఒక్కసారి నీటిమట్టం వార్త చూస్తాను, హెచ్చరిక మెసేజ్ వస్తే వెంటనే కదులుతాం. మిగతా దిగుళ్లు పుస్తకంలో రాసి మర్నాటి సాయంత్రం టీ వేళకి వాయిదా వేస్తాను. చాలావాటికి అప్పటికి పదును ఉండదు.

మా వైపు ఇంకా నిద్ర పట్టనివాళ్లు ఉన్నారని నాకు తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చెయ్యండి, అది మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, డబ్బు అక్కర్లేదు, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు.

మా అత్తయ్యకి ఇవేవీ ఎక్కవు. మబ్బు పడితే “అమ్మాయ్, బియ్యం డ్రమ్ము మంచం మీద పెట్టించు” అంటుంది. ఇప్పటిదాకా పెడుతూనే ఉన్నాం. ఈసారి కూడా దించమని అనను. రాత్రి ఆవిడ పక్కనే పడుకుని, ఏ చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో చెప్పమని అడుగుతాను.