వీధి కిటికీ, పెరటి కిటికీ

విజయనగరంలో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు పడగొట్టించిన వేసవిలో, పాత సామాను వేరు చేస్తున్న వడ్రంగి రెండు కిటికీలను పక్కపక్కనే గోడకు ఆనించి, వీటిలో ఏది ఉంచాలో చెప్పమన్నాడు. ఒకటి వీధి గదిది. నాలుగున్నర అడుగుల ఎత్తు, పైనా కిందా విడివిడిగా తెరుచుకునే టేకు రెక్కలు, నడుమ చదరపు ఇనుప ఊచలు. గోడలో అది మోకాలి ఎత్తునే మొదలయ్యేది కనుక దాని గట్టు మీద కూర్చుని తీరిగ్గా పేపరు చదువుకోవచ్చు. రెండోది వంటింటి పక్కనున్న చీకటి గదిది. అడుగున్నర చదరం, రెండు కర్ర కమ్మీలు, ఒక్కటే రెక్క. పీట వేసుకుని నిలబడితే తప్ప మా మామ్మకు అందులోంచి పెరట్లోని కరివేపచెట్టు కనిపించేది కాదు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగినా, ఆ రెండూ ఒకే ఇంటి కోసం ఒకే చేత్తో చేసినవన్న సంగతి ఆ రోజు వరకు నాకు తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. నేను వీధి కిటికీలో కూర్చునేవాణ్ణి.

మామ్మకు ఆ కిటికీ ఏడాదికి ఒక్కరోజు దక్కేది. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. మగవాళ్ళందరూ మధ్యాహ్నమే వీధిలోకి వెళ్ళిపోయేవారు కనుక, మామ్మా, మేనత్తలూ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళూ ఆ గట్టును ఆక్రమించేవారు. మా ఇల్లు ఊరేగింపు దారికి ఒక సందు లోపల ఉండడం వల్ల వాళ్ళకు జనం గానీ బండి గానీ కనిపించేవి కావు. ఎదురింటి పెంకుల మీదుగా ఆ పొడవాటి చింతమాను కొసా, దాని మీద కూర్చున్న పూజారీ మాత్రం మెల్లగా జరిగిపోతూ కనిపించేవి. మానుకు అరటిపండు తగిలితే మంచిదని మామ్మ ఊచల మధ్య నుంచి చెయ్యి చాపి విసిరేది. ఆ పండు ఏ ఏడూ మా సందు దాటలేదు.

కాళిదాసు రఘువంశం ఏడో సర్గలో అజుడు పెళ్ళికొడుకై పురవీధిలో వస్తున్నప్పుడు, ఆ ఊరి స్త్రీలు చేస్తున్న పనులు వదిలేసి గవాక్షాల వద్దకు పరుగెత్తే ఘట్టం ఉంది. ఒకామె పాదానికి లత్తుక పెట్టించుకుంటూ, అది ఆరకుండానే కాలు లాగేసుకుని వెళ్ళడంతో గవాక్షం దాకా ఎర్రటి అడుగులు పడతాయి. ఇంకొకామెకు ఒక కంటికే కాటుక ఉంటుంది. ఆ పద్యాల మీద కవికి ఎంత మక్కువంటే, కుమారసంభవంలో శివుడు పెళ్ళికి వచ్చినప్పుడూ దాదాపు వాటినే మళ్ళీ వాడుకున్నాడు. చదువుకునే రోజుల్లో నాకవి కేవలం శృంగార వర్ణనలు. కాళిదాసు కంటే ముందువాడైన అశ్వఘోషుడు బుద్ధచరితం మూడో సర్గలో ఇదే సన్నివేశం రాస్తూ, రాకుమారుణ్ణి చూడడానికి మేడల మీదికి వెళ్ళిన స్త్రీలు ముందుగా పెద్దల అనుమతి తీసుకున్నారని ఒక చిన్న మాట చేర్చాడు. ఆ మాట చదివాక ఆ ఎర్రటి అడుగులు నాకు మరోలా కనిపించాయి. గవాక్షం దాకా వచ్చిన అడుగులు అక్కడే ఆగిపోతాయి. వీధిలోకి దిగవు.

గవాక్షమంటే ఆవు కన్ను లేదా ఎద్దు కన్ను. వాతాయనమంటే గాలి వచ్చే దారి. ఒక మాట చూపుకు, ఒక మాట గాలికి. మనం ఇళ్ళలో వాడే కిటికీ అన్న మాట ఉత్తరాది భాషల నుంచి వచ్చింది, అందులో కన్నూ లేదు, గాలీ లేదు. శ్రీముఖలింగం వంటి కళింగ శైలి గుళ్ళ గోడల మీద గవాక్షమనే పేరుతో చెక్కిన ఆకృతులలో చాలావరకు వెనక ఖాళీ లేని అలంకారాలే. చూసే వీలు లేని కిటికీని అంత అందంగా చెక్కారే అని నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

సినిమాలో కిటికీ గురించి మాట్లాడేవారు సాధారణంగా హిచ్‌కాక్ 1954లో తీసిన ‘రియర్ విండో’తో మొదలుపెడతారు. కాలు విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైన ఫోటోగ్రాఫర్ ఎదుటి ఇళ్ళలోకి తొంగిచూస్తూ ఒక హత్యను పసిగడతాడు. బిగువైన సినిమా, కాదనను. అయినా నా మనసు పదేళ్ళ తరువాత వచ్చిన సత్యజిత్ రాయ్ ‘చారులత’ మొదటి నిమిషాల మీదే ఉంటుంది. ఏ పనీ లేని ఒక మధ్యాహ్నం చారు ఒక కిటికీ నుంచి మరో కిటికీకి వెళ్తూ, చెక్కపలకల సందులోంచి ఆపెరా గ్లాసుతో వీధిలో గొడుగు పట్టుకుని నడిచే మనిషిని చూస్తుంది. కాసేపటికి ఆమెను గమనించకుండా పక్కనుంచే వెళ్ళిపోయిన సొంత భర్తను కూడా అదే గ్లాసుతో చూస్తుంది. అక్కడ ఫోటోగ్రాఫర్ కాలుకు కట్టు ఉంది, అది కొన్నాళ్ళకు ఊడుతుంది. చారు కాళ్ళకు ఏ కట్టూ లేదు.

మా ఊరివాడైన గురజాడ 1910లో ప్రచురించిన ‘దిద్దుబాటు’ కథ ‘తలుపు! తలుపు!’ అన్న పిలుపుతో మొదలవుతుంది. రాత్రి ఒంటిగంటకు ఇల్లు చేరిన భర్త పిలుపు అది. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి, ఎప్పుడు కావాలంటే అప్పుడు రాగలిగినవాడి కథ తలుపు దగ్గరే మొదలు కావాలి మరి. అతని భార్య కమలిని వైపు నుంచి రాసి ఉంటే ఎక్కడ మొదలయ్యేదా అని అప్పుడప్పుడు ఆలోచిస్తుంటాను.

అయితే ఇదంతా గోడలూ ఊచలూ పెట్టించుకోగల ఇళ్ళ సంగతేనని ఒప్పుకోవాలి. ఇంగ్లండులో 1696 నుంచి 1851 దాకా కిటికీల లెక్కన ఇంటి పన్ను వేశారు. కిటికీలు ఎన్ని ఉంటే అంత కలవారన్నమాట. పన్ను తప్పించుకోవడానికి ఇటుకలతో మూసేసిన కిటికీలు అక్కడి పాత ఇళ్ళకు ఇప్పటికీ కనిపిస్తాయి. శ్రీకాకుళం తీరంలోని పాత చుట్టిళ్ళకు ఆ పన్ను వేసినా పైసా రాలేది కాదు. గుండ్రటి మట్టిగోడ, వంగితే గానీ దూరలేనంత కిందికి దిగిన తాటాకు చూరు, ఒక వాకిలి, అంతే. సముద్రపు గాలికి మూల దొరకకూడదని ఆ గుండ్రం, సందు దొరకకూడదని ఆ చూరు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు చేపల గంపలతో తెల్లవారకముందే ఊళ్ళు తిరిగేవారు కనుక, కిటికీలోంచి చూడవలసిన అవసరం వాళ్ళకు లేకపోయింది. తీరిక అంతకన్నా లేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు పలాస వైపు ఉండే మా పిన్ని ఇంట్లో వెనక కిటికీ గొళ్ళెం ఊడిపోయింది. రేకుల గది అది. పిన్నీ, బాబాయీ మంచాన్ని నిలబెట్టి ఆ కిటికీకి అడ్డం పెట్టి, తెల్లారేదాకా దానికి వీపులు ఆనించి కూర్చున్నారట. లోపలికి చొరబడిన గాలి బయటికి పోయే దారి లేక కప్పును కింది నుంచి ఎత్తుతుంది. కప్పు మీదుగా వీచే గాలి దానికి తోడవుతుంది. రేకులు లేచిపోయేది అలాగే. ‘ఆ రాత్రి కిటికీ పెట్టించినందుకు మీ బాబాయిని తిట్టని తిట్టు లేదురా’ అని పిన్ని ఇప్పటికీ నవ్వుతుంది. మర్నాటి నుంచి రోజుల తరబడి కరెంటు లేకపోతే, ఆ ఉక్కలో అదే కిటికీ దగ్గర కూర్చున్నదీ ఆవిడే.

బస్సు కిటికీని వదిలేస్తే మా జిల్లాలవాళ్ళు క్షమించరు. కాంప్లెక్సులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు పడితే ఆ సీటు తువ్వాలువారిదే. తువ్వాలు లేకపోతే పిల్లాణ్ణే ఎత్తి లోపలికి తోసేవారు. తలుపు కన్నా కిటికీకి ఎక్కువ అధికారం ఉన్న చోటు నాకు తెలిసి అదొక్కటే.

వడ్రంగికి నేను చిన్న కిటికీనే ఉంచమన్నాను. పెద్దదాన్ని పాత కలప కొనేవాళ్ళు మంచి ధరకే పట్టుకుపోయారు. కొత్త ఇంటికి అన్నీ పక్కకు జరిపే అల్యూమినియం కిటికీలు, దోమల జాలీలు. మామ్మ కిటికీని మాత్రం వీధి వైపు గోడలో, కుర్చీలో కూర్చున్నవారి కళ్ళకు సరిపోయేంత కిందికి బిగించమన్నాను. వడ్రంగి టేపు పట్టి కొలిచి, కాస్త సందేహిస్తూ, ‘ఇంత కిందకి ఎడితే ఈదిలో ఎల్లేవోళ్ళకి లోపలంతా అగుపడిపోద్ది బాబూ’ అన్నాడు. అతను చెప్పినట్టే, కనిపిస్తోంది.