వల ఎవరిది, ఐసు ఎవరు వేయాలి: కర్నూలులో నా మొదటి ఏడాది

మాది ప్రొద్దుటూరు. ముత్తుకూరు ఫిషరీ సైన్స్ కాలేజీలో బీఎఫ్‌ఎస్సీ నాలుగేళ్లు చదివి, సర్వీస్ కమిషన్ పరీక్ష రాసి మత్స్యశాఖలో ఉద్యోగం తెచ్చుకుని కర్నూలుకు వస్తుంటే ఇంట్లో అందరూ అడిగింది ఒకటే, కర్నూల్లో సముద్రం యాడుందని. సముద్రం లేదు కానీ తుంగభద్ర ఉంది, హంద్రీ ఉంది, సుంకేసుల ఉంది, గాజులదిన్నె ఉంది, శ్రీశైలం డ్యాము నిండితే సంగమేశ్వరం గుడిని ముంచేసేంత దూరం వెనక్కి ఎక్కే నీళ్లున్నాయి. అప్పటికి నంద్యాల ఇంకా వేరే జిల్లా కాలేదు, ఆ ఒడ్డు కూడా మాకే వచ్చేది. పరీక్ష ఎలా రాయాలో కోచింగ్ వాళ్లు చెప్తారు, అందుకే చేరిన తర్వాత సంగతి రాస్తున్నాను.

చేరిన మూడో వారంలో మొదటిసారి అలివి వల చూశాను. పుస్తకంలో వల కన్ను సైజు గురించి ఎంత చదివినా, దాన్ని చేత్తో పట్టుకుని చూస్తే గానీ ఎంత అన్యాయమో అర్థం కాలేదు. దోమతెర గుడ్డలా ఉంటుంది, చిటికెన వేలు కూడా దూరదు. ఒక కొస ఒడ్డున పట్టుకుని, రెండో కొసను పుట్టిలో లోపలికి తీసుకుపోయి, చుట్టు తిప్పి మళ్లీ ఒడ్డుకు తెచ్చి పది ఇరవై మంది కలిసి లాగుతారు. మామూలు వలలో పిల్లచేప కన్నులోంచి జారిపోయి బతుకుతుంది, ఇందులో ఏదీ జారదు. డబ్బు పోసి రిజర్వాయర్లో వదిలిన బొచ్చె, రవ్వ పిల్లలు వేలెడంత ఉన్నప్పుడే బయటికి వచ్చేస్తాయి. ఆ బొచ్చె పిల్లనే ఏడాది వదిలేస్తే కిలో దాకా తూగుతుంది, లైసెన్సు ఉన్న బెస్త కుటుంబం దాన్ని పట్టుకుని అమ్ముకుంటుంది. వానలు పడి కొత్త నీళ్లు దిగే జూలై, ఆగస్టుల్లో తల్లిచేపలు ఎదురెక్కి గుడ్లు పెడతాయి, కిలో బరువున్న ఆడ రవ్వ ఒక్కటే లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. అన్ని గుడ్లలోంచి ఏవో కొన్ని బతికి వేలెడంత పెరిగాక మళ్లీ ఈ వల.

ఒడ్డున టార్పాలిన్ల మీద, కొన్నిచోట్ల ఉత్త ఇసుక మీదే, ఆ పిల్లలను ఎండబెట్టి ఉన్నారు. కుక్కలు తొక్కుకుంటూ తిరుగుతున్నాయి. ఒక పిడికెడు తీసి చూశాను. ఎండి వంకర తిరిగినా పెద్ద తల, పైకి తిరిగిన నోరు చూస్తే బొచ్చె అని తెలిసిపోతుంది, మొప్పల సందుల్లో ఇసుక. పావు కిలో తూకం వేసి లెక్కపెడితే నూట నలభై పైన వచ్చాయి. ఆ లెక్క నాకు ఇప్పటికీ గుర్తుకొస్తుంటుంది.

ఆ రాత్రే మళ్లీ పోయి, వాడకూడని ఆ వలనైతే పట్టుకున్నాం గానీ కేసు నిలబడలేదు. తప్పు నాదే. ఆవేశంగా పోయానే తప్ప పంచులు, అంటే సాక్షి సంతకం పెట్టే ఊరివాళ్లు, లేరు, వీఆర్వోకు చెప్పలేదు, టేపు లేదు, త్రాసు లేదు. వల తెచ్చి ఆఫీసులో పడేసి పొద్దున కూర్చుని కాగితం రాశాను. మా పై అధికారి ఫైలు చదివి, "ఎక్కడ దొరికింది, ఎంత పొడవుంది, ఎవరి చేతిలో ఉంది, ఎవరు చూసినారు, ఒక్కటీ లేదు కదమ్మా" అన్నారు. కోప్పడలేదు, అదే ఇంకా బాధనిపించింది. వల వెనక్కి పోయింది.

అప్పటి నుంచి ఎప్పుడు కదిలినా ఇద్దరు పంచులు మాతో ఉండాల్సిందే. పోలీసు స్టేషనుకు ముందే కబురు పెడతాం. పంచనామా ఒడ్డునే, టార్చి వెలుగులోనే రాస్తాం. వల పొడవు కొలిచి, కన్ను మీద స్కేలు పెట్టి ఫోటో తీసి, చేపలు తూకం వేస్తాం. పచ్చి చేప నిలవ ఉండదు కాబట్టి అక్కడే వేలం వేసి ఆ డబ్బుకు రసీదు రాయాలి. ఇదంతా చేసేసరికి తెల్లారుతుంది, నిద్ర మర్చిపోవాల్సిందే. నీళ్లలో పేలుడు తూటాలు పేల్చి, విషం కలిపి చేపలు పట్టేవాళ్ల మీద 1897 నాటి ఫిషరీస్ చట్టమే ఇంకా పనికొస్తుంది, దాన్ని ఒకసారి శ్రద్ధగా చదువుకుని పెట్టుకోండి.

రెండోసారి దొరికిన వాళ్లలో అరవై దాటిన ఒక పెద్దాయన ఉన్నాడు. పారిపోలేదు, అక్కడే కూర్చున్నాడు. "వల మాది కాదు మేడం. అడ్వాన్సు తీసుకున్నాం, లాగమంటే లాగినాం. పిల్లచేపను పట్టేకి మాకు మాత్రం మనసొప్పుతుందా" అన్నాడు. వల ఎవరిది తాతా అంటే నీళ్ల వైపు చూశాడు గానీ పేరు చెప్పలేదు. చెప్తే ఆయన అప్పు ఏమవుతుందో నాకూ తెలుసు. ఒడ్డున దొరికిన కూలిని పట్టుకోవడం చాలా తేలిక, ఫోటో కూడా బాగా వస్తుంది. ఆ ఎండుచేపను ఎవరు కొంటున్నారు, ఏ బండిలో పోతోంది అని వెనక్కి తవ్వుకుంటూ పోవడమే అసలు పని అని ఆ రోజు గట్టిగా అనుకున్నాను.

ఇదే సంగతి మార్కెట్లో ఇంకో రకంగా ఎదురైంది.

2018లో చేప చెడిపోకుండా ఫార్మలిన్ అనే మందు కొడుతున్నారన్న గొడవ వచ్చినప్పటి నుంచి జనానికి చేప మీద ఒకటే అనుమానం. అప్పట్లో అస్సాం ఆంధ్రా చేపలను కొన్నాళ్లు ఆపేసింది కూడా. ఒక ఎండాకాలం ఆదివారం, చేప చెడిపోవడం లేదు, మందు కొట్టారు అని ఫోన్ వచ్చింది. ఆహార భద్రత అధికారితో కలిసి పోయాం. చేపను పరీక్షించే బాధ్యత ఇద్దరిదీ అనుకుంటారు గానీ, కేసు పెట్టేలా శాంపిల్ తీసే అధికారం చట్టప్రకారం ఆయనది, నాకు చేప తెలుసు, అంతే. కొచ్చిలోని సీఐఎఫ్‌టీ (కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ) వాళ్లు తయారుచేసిన కిట్ ఉంటుంది, కాగితం పట్టీని చేప ఒంటి మీద రుద్ది, దాని మీద కిట్‌లోని రసాయనం చుక్క వేస్తే, ఫార్మలిన్ ఉంటే కొద్ది నిమిషాల్లో రంగు మారుతుంది. చుట్టూ యాభై మంది ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఆ నిమిషాల్లో నాకున్న టెన్షన్ పరీక్ష హాల్లో కూడా లేదు. రంగు మారలేదు. ఇంకో మూడు చేపలకూ మారలేదు.

జనం వెళ్లిపోయారు. నేను మాత్రం ఊరికే ఉండలేక థర్మామీటర్ తీసి ఒక కానాగంత పొట్టలోకి గుచ్చాను. పద్నాలుగు డిగ్రీలు. ఐసు సరిగ్గా ఉంటే నాలుగు దాటకూడదు.

ఇది చాలామందికి తెలియదు, అందుకే వివరంగా రాస్తున్నాను. కానాగంత, తూర లాంటి సముద్రపు చేప వేడిలో ఉంటే అందులో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, ఒళ్లు దురదలు పెట్టి, తలనొప్పి వస్తుంది. ఒకసారి తయారైందంటే ఎంత ఉడికించినా పోదు, మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినా పోదు, చింతపండు పులుసుకూ పోదు. వాసన కూడా రాకపోవచ్చు. రవ్వ, బొచ్చెల్లో ఈ బాధ దాదాపు ఉండదు, వాటికి మామూలుగా కుళ్లడమే సమస్య. మందు కొట్టారా అని అడిగే ఊళ్లో ఐసు ఏదని అడిగేవాళ్లు కనపడలేదు.

చేపలమ్మే ఆమె వణికిపోయింది. "నా మీద కేసా మేడం? బండోడు ఇచ్చింది ఇచ్చినట్లు అమ్ముతాండా" అంది. ఆమె దగ్గరున్నదల్లా ఒక తడి గోనెసంచి, ఐసు దిమ్మ ముక్కలు నాలుగు, పైన నలభై డిగ్రీల ఎండ. కానాగంత పక్కన పెట్టించేశాం, ఆమెకు ఆ రోజు నష్టమే వచ్చింది, అది నాకు బాధే. శాంపిల్ మాత్రం ఆమె దగ్గర కాదు, బండి దగ్గర తీయాలి అని నేను పట్టుబట్టాను.

తర్వాతి ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు బండి దిగేచోట నిలబడ్డాం. ట్రేలు పైన చూస్తే ఐసు తెల్లగా నిండుగా ఉంది, అడుగు ట్రేల్లో నీళ్లే. ఎండాకాలంలో దూరం పోయే చేపకు కిలోకు కిలో ఐసు వేయాలి, ఐసు తగ్గిస్తే ఆ జాగాలో చేప ఎక్కువ పడుతుంది, లాభం అక్కడుంది. అడుగు ట్రే నుంచే శాంపిల్ తీశాం. నోటీసు ఇచ్చి, సాక్షి ముందు, చేపకు డబ్బు కట్టి, నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి. ఒకటి అనలిస్టుకు, రెండు ఆహార భద్రత విభాగంలోని డిజిగ్నేటెడ్ ఆఫీసరు దగ్గరికి, నాలుగోది వ్యాపారి కోరితే గుర్తింపు ఉన్న ఇంకో ల్యాబుకు. రిపోర్టు పద్నాలుగు రోజుల్లో రావాలి. ఐసు డబ్బాలో ప్యాక్ చేసి పంపేటప్పుడు, మన చేతిలోనే చేప వేడెక్కిపోతే మొత్తం శ్రమ వృథా అని డబ్బా ఎక్కించేదాకా నేనే పక్కన నిలబడ్డాను. ఉష్ణోగ్రతలు ట్రే ట్రేకూ విడిగా రాసి సంతకాలు తీసుకున్నాం. అలివి వల దగ్గర పోగొట్టుకున్న కాగితం ఇక్కడ పోగొట్టుకోకూడదనుకున్నాను.

రిపోర్టు వచ్చింది, ఫైలు ముందుకు పోయింది, దాని మీద ఇంకా విచారణ నడుస్తోంది కాబట్టి అంతకంటే రాయను. బండి మీద మాత్రం ఐసు పెరిగింది. చేపలమ్మే ఆమె కూడా సంఘం ద్వారా ఒక ఐసు పెట్టె సంపాదించుకుంది. పెట్టెలో కింద ఒక వరస ఐసు, దాని మీద చేప, మళ్లీ ఐసు, కరిగిన నీళ్లు పోయేకి కింద బెజ్జం. చేప మీద వేసే ఐసు కూడా తాగే నీళ్లతో చేసిందే ఉండాలని చెప్తే, ఐసు ఫ్యాక్టరీకి పోయి నీళ్లు ఎక్కడివని అడిగొచ్చిందట. ఇప్పుడు నేను మార్కెట్లోకి అడుగుపెడితే, "ముందు నా చేపకు గుచ్చు మేడం" అని పిలుస్తుంది. పోయిన ఆదివారం మూడు డిగ్రీలుంది.

వల యజమాని ఇంకా దొరకలేదు. కానీ మొన్న రాత్రి పదకొండు దాటాక ఆ పెద్దాయనే ఫోన్ చేశాడు. పేరు చెప్పలేదు, ఏ రేవులో పుట్టి దిగుతోందో మాత్రం చెప్పి పెట్టేశాడు. నేను పంచులకు ఫోన్ కలిపాను.