ప్లాస్టిక్ కూడా తీయని గిటార్

"అన్నా, ఈ ప్లాస్టిక్ కూడా తియ్యలేదా?"

కాజీపేట స్టేషన్ బయట, టీ బండి పక్కన, గిటార్ బ్యాగు జిప్ తీసి, కొనడానికి వచ్చిన పిల్లగాడు అడిగిన మొదటి మాట. తీగల కింద చెక్క మీద గీతలు పడకుండా ఉండే నల్ల పలక, దాని మీద కంపెనీ వాళ్లు అంటించిన పల్చటి కవర్. ఎనిమిది నెలలైనా అలాగే ఉంది. సిగ్గేసింది.

34 అంగుళాల చిన్న గిటార్. మామూలుది 41 దాకా ఉంటుంది, రైల్లో ఇబ్బంది అని ఏరికోరి ఇది కొన్నా. ఇది చేసిన ప్రయాణం మొత్తం హనుమకొండ నుంచి కాజీపేట దాకా. అదీ ఇవాళే, అమ్మడానికి.

నేను ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టు) దగ్గరే ఆగిపోయా. చూపుడు వేలు అడ్డంగా పెట్టి తీగలన్నీ ఒకేసారి నొక్కాలి. నాకెప్పుడూ టప్ టప్ మనే చప్పుడే.

జమ్మికుంట నుంచి వచ్చిన ఈ పిల్లగాడు ఫోన్లో ట్యూనర్ పెట్టి తీగలు సరిచేసుకుని, నిలబడే ఎఫ్ పట్టాడు. మోగింది! నా గిటారే. టీ పోసే ఆయన కూడా తల తిప్పి చూశాడు.

ఏడు వేలు చెప్పినవాణ్ని ఆరున్నరకే ఇచ్చేశా. తీగల మీద బిగించే క్లిప్పు, క్యాపో, ఊరికే ఇచ్చా.

ఆ ప్లాస్టిక్ మాత్రం వాడు అక్కడే పీకి నా చేతిలో పెట్టాడు. ఇంకా చొక్కా జేబులోనే ఉంది.