‘మీరు’ నుంచి ‘నువ్వు’ దాకా

బరంపురం, ఆదివారం

పొద్దున్నుంచీ ముసురు. గోపాల్‌పూర్ వైపు నుంచి గాలి ఒకటే కొట్టడం. మధ్యాహ్నం వేడన్నంలో దాల్మా కలుపుకుని తిన్నాక అత్త మంచం మీద ఒరిగింది, నేను ల్యాప్‌టాప్ ఆవిడకి కనిపించేలా పెట్టాను. ‘టైమ్‌లెస్’ అనే అమెరికన్ కాలప్రయాణం సీరియల్, మొదటి సీజన్ తొమ్మిదో ఎపిసోడ్. అత్తకి తెలుగూ ఒడియా తప్ప ఇంగ్లీషు రాదు. అందుకని ప్రతి మాటా ఆపి ఆపి తెలుగులో చెప్పాలి. వారానికి ఒకటి చొప్పున ఇక్కడిదాకా వచ్చాం.

ఈ చెప్పడంలోనే ఒక చిక్కుంది. కథానాయకుడు వయట్ నాయిక లూసీని ‘మీరు’ అనాలా, ‘నువ్వు’ అనాలా? ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘యూ’. రాసినవాళ్లకి ఆ బెంగ లేదు. తెలుగులో మాత్రం నోరు తెరిచిన ప్రతిసారీ ఆ ఇద్దరి మధ్య దూరం ఎంతో తేల్చి చెప్పాల్సిందే. నిదానంగా పెరిగే ప్రేమకథ అంతా ఈ ఒక్క మాట దగ్గరే నిలబడుతుంది, లేదా కూలిపోతుంది. ‘నువ్వు’ని మొదటి ఎపిసోడ్‌లోనే వాడేస్తే ఆ తర్వాత ఎక్కడానికి మెట్టే మిగలదు. చాలా డబ్బింగుల్లో జరిగేది ఇదే.

మొదటి ఎపిసోడ్‌కి అనుమానం లేదు, ‘మీరే’. లూసీ ప్రెస్టన్ చరిత్ర పాఠాలు చెప్పే ప్రొఫెసర్, వయట్ లోగన్ డెల్టా ఫోర్స్ సైనికుడు. అతను ఆమెని ‘మ్యామ్’ అంటాడు, ఆమెకి ఆ పిలుపు నచ్చదు. నేను ‘మేడమ్’ అనే చెప్పాను. కాలయంత్రం దొంగిలించిన ఫ్లిన్‌ని వెంటాడుతూ, 1937 మే 6న న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో తగలబడిన హిండెన్‌బర్గ్ ఎయిర్‌షిప్ దగ్గరికి వాళ్ల మొదటి ప్రయాణం. వాళ్లెక్కే ఇంకో కాలయంత్రం ‘లైఫ్‌బోట్’ ఓ గుండ్రటి డబ్బా, లోపల మూడే సీట్లు. ఒకటి నడిపే రూఫస్‌ది. లూసీకి సీటు బెల్టు పెట్టుకోవడం రాదు. వయట్ ఒంగి బకిల్ పెడతాడు. అంతే. చూపులు కలవడాలు, వెనకాల వయొలిన్లు ఏమీ ఉండవు. పిల్లాడి చొక్కా గుండీ పెట్టినంత మామూలుగా అయిపోతుంది. ఆ మామూలుతనం వల్లే అది పనికొచ్చింది. ఆ తర్వాత బెల్టు దగ్గరికి చెయ్యి వెళ్లినప్పుడల్లా ఆ చెయ్యి ఎంతసేపు ఆగింది, ముఖం ఎటు తిరిగింది అని మనమే కొలుచుకుంటాం. మొదటిసారే దాన్ని శృంగారం చేసి ఉంటే తర్వాత కొలవడానికి గీత దొరికేది కాదు.

అయితే బెల్టు పైపై గుర్తే. అసలు వేరు ఇంకోచోట ఉంది. ఆ మొదటి ప్రయాణం నుంచి లూసీ ఇంటికొచ్చేసరికి ఎమీ అనే చెల్లెలు లేదు. చనిపోవడం కాదు, అసలు పుట్టనే లేదు. అమ్మకి కూడా గుర్తు లేదు. అంతదాకా మంచాన పడ్డ అమ్మ ఆరోగ్యంగా తిరుగుతూంటుంది, లూసీ ఎన్నడూ చూడని ఒకతను తనకి కాబోయే భర్తనంటాడు. పాత లోకం ఉండేదని తెలిసినవాళ్లు ఆ డబ్బాలో కూర్చున్నవాళ్లు మాత్రమే. వయట్ ఎమీని ఎన్నడూ చూడలేదు, అయినా ఆమె ఉండేదని నమ్ముతాడు. కాలప్రయాణం కథల్లో ప్రేమకి బలం ఇక్కడినుంచే వస్తుంది. మామూలు కథలో జంట మధ్య కులమో డబ్బో అడ్డం తెచ్చిపెట్టాలి. ఇక్కడ లోకమంతా మరిచిపోయినదాన్ని గుర్తుపెట్టుకున్న మనిషి పక్క సీట్లోనే ఉన్నాడు. ఆ మనిషిని పోగొట్టుకుంటే తన గతానికి సాక్షే ఉండడు. అలాంటివాడికి మనసు ఇచ్చానని ఒప్పుకోవడానికి ఎంత భయం వేస్తుందో అత్తకి వేరే చెప్పక్కర్లేకపోయింది.

వయట్ వైపు బరువు జెసికా. 2012లో హత్యకి గురైన భార్య. కథలో నియమం ఒకటుంది, తాను అప్పటికే ఉన్న కాలానికి ఎవరూ వెళ్లకూడదు. కాబట్టి 2012కి వెళ్లి ఆమెని కాపాడే దారి లేదు. ఈ నియమం సాంకేతికం కోసం పెట్టినట్టు కనిపిస్తుంది కానీ ప్రేమకథని పట్టి ఉంచే మేకు అదే. అది లేకపోతే రెండో ఎపిసోడ్‌కే అతను భార్య దగ్గరికి పోయేవాడు, లూసీ కథ అక్కడితో సరి. పదమూడో ఎపిసోడ్‌లో చుట్టుదారి పడతాడు: 1983కి పోయి హంతకుడి తల్లిదండ్రులు కలవకుండా చేద్దామనుకుంటాడు. అయినా జెసికా తిరిగి రాదు.

అయిదో ఎపిసోడ్ నాకు అన్నిటికంటే ఇష్టం. 1836, టెక్సస్‌లో ముట్టడిలో ఉన్న అలమో కోట. తనని ఈ పనినుంచి తప్పించబోతున్నారని వయట్‌కి తెలుసు. కోటలోనే ఉండిపోయి చనిపోదామని కూర్చుంటాడు. లూసీ వచ్చి బతిమాలుతుంది, నాకు నీ మీదే నమ్మకం అని. అక్కడ నా నోట్లోంచి దానంతటదే ‘నువ్వు’ వచ్చేసింది. చావబోతున్న మనిషిని ‘రండి’ అని పిలవలేం. తర్వాతి ఎపిసోడ్‌కి మళ్లీ ‘మీరు’కి దించాను. అత్త వెంటనే పట్టుకుంది, ‘పోయినవారం నువ్వంది కదే’ అని. కావాలనే, అన్నాను. గండం గడిచాక మనిషి మళ్లీ సర్దుకుంటాడు, చీర కొంగు లాక్కున్నట్టు. ఈ రావడం పోవడమే నిదానం. తిన్నగా పైకి ఎక్కితే అది నిదానం కాదు, ఊరికే ఆలస్యం.

ఇక ఇవాళ్టిది, 1934, పేరుమోసిన దొంగల జంట బానీ, క్లైడ్. లూసీ, వయట్ జంటగా నటిస్తూ ఆ దొంగల గుడిసెలో ఇరుక్కుంటారు. పెళ్లి మాట ఎలా కుదిరిందని బానీ అడుగుతుంది. వయట్ తడుముకోకుండా ఒక కథ చెబుతాడు. అది జెసికాని అడిగిన నాటి నిజం కథ. లూసీ వింటూ నవ్వుముఖం పెట్టుకుని ఉండాలి, లోపల మాత్రం అది తనది కాదని తెలుసు. ఆ తర్వాతే నటన కోసం ముద్దు. తొందర మాత్రమే తెలిసిన రచయితలు ముద్దుని కథకి కొస చేస్తారు. ఇక్కడ ముద్దు అబద్ధం, దాని ముందు చెప్పిన మాటలు నిజం, ఆ నిజం ఇంకో ఆడమనిషిది. ఇన్ని పొరలుంటే తొమ్మిదో ఎపిసోడ్‌లో ముద్దు పెట్టినా కథ అయిపోదు, ఇంకా బిగుసుకుంటుంది.

ఇక్కడ నా ‘మీరు’ తిరగబడింది. మొగుడూ పెళ్లాలుగా నటించేటప్పుడు లూసీ ‘నువ్వు’ అనాలి కదా అని మొదలుపెట్టాను. అత్త ఆపింది. ఆ రోజుల్లో పెళ్లాం మొగుణ్ణి ‘మీరు’ అనే కదా అంటుంది, నువ్వెందుకూ అంది. నిజమే! అంటే మొదటి ఎపిసోడ్‌లో పరాయివాణ్ణి అన్న ‘మీరు’, ఇప్పుడు ఇంటివాణ్ణి అంటున్న ‘మీరు’, అక్షరం మారలేదు. ‘ఆ మీరు వేరు, ఈ మీరు వేరు’ అని అత్త కళ్లు మూసుకుంది. ఇంగ్లీషులో లేని మెట్టు ఒకటి మన భాషే ఇచ్చింది. ఒడియాలో చెప్పి ఉంటే ‘ఆపణ’కీ ‘తు’కీ మధ్య ‘తుమే’ ఉంది, అక్కడ కొంతకాలం నిలబడొచ్చు. తెలుగులో ఆ మధ్యమెట్టు లేదు. గొంతుతోనే తేవాలి.

ముందు రాబోయేది నాకు కొంచెం దిగులు. మొదటి సీజన్ 16 ఎపిసోడ్లు, రెండోది 10. ఆ కురచ రెండోదాంట్లో మూడో ఎపిసోడ్‌కే, 1941 హాలీవుడ్‌లో, ఇద్దరూ ఒకటవుతారు. అక్కడివరకూ ఎంత బాగుందో చెప్పలేను. ఇంటికి తిరిగొచ్చేసరికి జెసికా బతికి ఉన్నట్టు కబురు. ఆ దెబ్బ సరైనదే, కాలం మార్చేవాళ్లకి కాలమే తిరిగి కొట్టడం. పొరపాటు ఆ తర్వాతది. అతని మనసు తేలడానికి చోటు చాల్లేదు. జెసికా శత్రువుల మనిషని తేలడంతో ఎంపిక అతని చేతిలోంచి జారిపోయింది. 2018 డిసెంబర్ 20న వచ్చిన ముగింపులో ఆ ముడిని, అప్పటికి వీళ్ల వైపు చేరిన ఫ్లిన్ తన ప్రాణం ఇచ్చి విప్పుతాడు. వయట్ తానే నిలబడి విప్పి ఉండాల్సింది. ఇంకో కాలప్రయాణం సీరియల్ ‘12 మంకీస్’లో కోల్, క్యాసీల జంటకి 47 ఎపిసోడ్ల చోటు దొరికింది. ఒకే గడియారం, కొత్తదీ పాతదీ పక్కపక్కన పెట్టి కొత్తదాని మీద గీత గీస్తే పాతదాని మీద గీత పడే ఆ మొదటి సన్నివేశం నుంచే వాళ్ల కథ మొదలు. అక్కడ తొందర కనిపించదు.

వాన తగ్గింది. అత్త లేచి టీ అడిగింది. పదో ఎపిసోడ్‌లో లూసీ చేత వయట్‌ని ‘మీరు’ అనే అనిపిస్తాను, గొంతు ఒక్కటే కాస్త తగ్గించి. అత్త కనిపెడుతుందో లేదో చూడాలి.