ఏసీలో మంచు

మే నెల, విజయవాడ ఎండ. నిన్న అర్ధరాత్రి ఏసీలో చల్లగాలి ఆగిపోయి, గోడ మీదకి నీళ్లు కారడం మొదలైంది. అమ్మకి నిద్ర లేదు, నాకు ఒకటే టెన్షన్. మూత తీస్తే లోపల కాయిల్ నిండా తెల్లటి మంచు! గ్యాస్ అయిపోయిందనుకున్నాను. పొద్దున వచ్చిన మెకానిక్ అన్న ముందు ఫిల్టర్ తీసి చూపించాడు. దుమ్ము దుప్పటిలా పేరుకుపోయింది. గది గాలి సరిగ్గా తగలకపోతే కాయిల్ సున్నా డిగ్రీల కిందికి చల్లబడి, గాలిలోని తేమ దానిమీదే గడ్డకడుతుంది. గ్యాస్ తగ్గినా ఇలా అవుతుంది కానీ, మాది అది కాదు. మంచుని గీకొద్దన్నాడు, కాయిల్‌కి చిల్లు పడొచ్చు. కూలింగ్ ఆపి ఫ్యాన్ మోడ్‌లో వదిలేస్తే మెల్లగా కరిగింది. ఫిల్టర్ కడిగి, ఆరబెట్టి బిగించాం. ఇప్పుడు అమ్మ హాయిగా నిద్రపోతోంది.