చివరి ఐసుముక్క కరిగేదాకా

మన బడి పాత విద్యార్థుల సంచికకు ఒక పేజీ రాయమని కమిటీ వాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. ఎక్స్‌కర్షన్ గురించీ, బడిగంట మాయమైన సంగతీ ఎవరో ఒకరు రాసే ఉంటారు. నేను మాత్రం సైన్సు మాస్టారి గురించే రాస్తాను. ఆరు, ఏడు తరగతుల్లో ఏం జరిగిందో నాకు గుర్తే లేదు. తొమ్మిదిలో ఎండలు ముదిరాక చెప్పిన ఆ క్లాసు మాత్రం నిన్ననే విన్నట్టుంది.

తుమ్మలపెంట నుంచి కావలికి వచ్చే చేపల బండి వాళ్ళని అడిగి ఐసుగడ్డ తెచ్చారు మాస్టారు. గోతంలోనే చితక్కొట్టి, ఎనామిల్ మగ్గులో పోసి, కిరసనాయిలు స్టవ్వు మీద పెట్టారు. కలిపేది మనం గుప్తోష్ణం అని పిలిచే మన క్లాసువాడు, నిమిషానికోసారి థర్మామీటరు చదివేది నేను. సున్నా. మళ్ళీ సున్నా. స్టవ్వు సెగ మొహానికి కొడుతోంది, పాదరసం మాత్రం కదలదు.

"మంట పెడతానే ఉండాం గదరా అబ్బయా, ఆ వేడంతా యాడికి పోతా ఉండాది?"

చివరి ముక్క కరిగాకే పాదరసం లేచింది. నీళ్ళు మరిగేటప్పుడు మళ్ళీ వంద దగ్గర ఆగిపోయింది. అప్పుడు చెప్పారు: ఉష్ణం ఇచ్చినంత మాత్రాన ఉష్ణోగ్రత పెరగాలని లేదు. కరగడానికో, ఆవిరి కావడానికో ఇట్లా లోపలే దాక్కునే వేడిని గుప్తోష్ణం అంటారు. గ్రాము ఐసు కరగడానికి 80 కెలోరీలు, ఆ నీళ్ళు సున్నా నుంచి వందకు రావడానికి 100, ఆ తర్వాత ఒక్క డిగ్రీ పెరగకుండా ఆవిరి కావడానికే 540! ఆవిరి చేతికి తగిలి నీరైతే ఆ 540 మన చర్మం మీదే వదులుతుంది. అందుకే మరిగే నీళ్ళకంటే ఇడ్లీపాత్ర ఆవిరి ఎక్కువ కాలుస్తుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇడ్లీపాత్ర మూత నేనే తీసేవాణ్ణి, మొహానికి దూరంగా వంచి.

పదో తరగతి, ఇంటర్, ఇంజనీరింగ్ అట్లా గడిచిపోయాయి. ఇప్పుడు నేను కృష్ణపట్నం దగ్గర నేలటూరు థర్మల్ కేంద్రంలో బాయిలర్ విభాగం చూస్తున్నాను. ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. మాస్టారికి చూపించాలని నాకు ఎంత ఆశో! ఎందుకంటే మా బాయిలర్లో ఆ 540 ఉండదు. పీడనం 218 అట్మాస్ఫియర్లు దాటితే నీళ్ళు మరగడమంటూ లేదు. 374 డిగ్రీలు దాటుతూ అట్లాగే ఆవిరిగా మారిపోతాయి, పాదరసం ఆగే చోటే లేదు. కానీ టర్బైన్ తిప్పి వచ్చిన ఆవిరి కండెన్సర్లో నీరయ్యేటప్పుడు గుప్తోష్ణం మళ్ళీ బయటపడుతుంది. అక్కడ పీడనం తక్కువ కాబట్టి 540 కంటే కాస్త ఎక్కువే. కొత్తగా చేరిన పిల్లలకు ఇది చెప్పేటప్పుడు "యాడికి పోతా ఉండాది?" అని మాస్టారి మాటతోనే మొదలుపెడతాను.

బడి ల్యాబుకు ఎవరేం ఇస్తారని కమిటీ అడిగింది. థర్మామీటర్లు, స్టవ్వులు నా ఖాతాలో రాయండి. ఐసు సంగతి గుప్తోష్ణం చూసుకుంటాడు, ఫోన్‌లో మాట తీసుకున్నాను.