పలచని ఫోనూ, పర్లాకిమిడి కరెంటూ

ఈమధ్య ఫోన్ కంపెనీలకి సన్నబడాలన్న పిచ్చి పట్టింది. 2025 మేలో శాంసంగ్ వాళ్లు గెలాక్సీ ఎస్25 ఎడ్జ్ అని 5.8 మిల్లీమీటర్ల మందంతో ఒకటి తెచ్చారు, సెప్టెంబరులో యాపిల్ వాళ్లు ఐఫోన్ ఎయిర్ అని 5.6 మిల్లీమీటర్లతో ఇంకోటి తెచ్చారు, రెండింటికీ తేడా 0.2 మిల్లీమీటరు, దానికోసం యూట్యూబ్‌లో గంటల తరబడి వీడియోలు. వచ్చినప్పుడు మొదటిది రూ.1,09,999, రెండోది రూ.1,19,900. నేనుండేది ఆంధ్ర సరిహద్దు పక్కనే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి. బెంగళూరులో ఉండే మా మేనల్లుడు ఆ ఎయిర్ వీడియో పంపించి "ఎలా ఉంది మావయ్యా?" అన్నాడు. బాగుందిరా, చాలా బాగుంది, కానీ పర్లాకిమిడిలో దాన్నేటి చేసుకోమంటావు అన్నాను. వాడు ఎగతాళి అనుకున్నాడు. నేను నిజంగానే అడిగాను.

ఎడ్జ్‌లో బ్యాటరీ 3,900 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క). ఎయిర్‌లో ఇంకా తక్కువ, 3,149. ఏసీ ఆఫీసులో టేబుల్ మీద ఛార్జరు, కారులో ఛార్జరు, ఇంటికొస్తే మంచం పక్కన ఛార్జరు ఉన్నవాడికి అది చాలు. మా దగ్గర గాలీ వానా వస్తే ముందు పోయేది కరెంటు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీంచి పోయినప్పుడు, అటు శ్రీకాకుళం వైపూ ఇటు మా వైపూ స్తంభాలు వరసగా పడిపోయి, జనరేటరు ఉన్న షాపుల ముందు డబ్బులిచ్చి ఫోన్లు ఛార్జింగ్ పెట్టుకున్నారు జనం. 2025 అక్టోబరులో మొంథా తుఫాను కాకినాడ వైపు తీరం దాటింది గానీ, అది వస్తోందనగానే మా వీధిలో అందరూ చేసిన మొదటి పని పవర్ బ్యాంకులు నింపుకోవడం. ఇలాంటి ఊళ్లో బతికేవాడు ఫోన్ ఎంత సన్నగా ఉందని చూడడు, రేపు సాయంత్రం దాకా ఉంటుందా లేదా అని చూస్తాడు.

అసలు ముచ్చటైన వార్త బ్యాటరీల్లోనే ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడట్లేదు. మామూలు లిథియం బ్యాటరీలో ఒక ఎలక్ట్రోడ్ గ్రాఫైట్‌తో చేస్తారు. సిలికాన్ అయితే అదే బరువుకి గ్రాఫైట్ కన్నా దాదాపు పది రెట్లు లిథియం పట్టగలదు. మరి ఇన్నాళ్లూ ఎందుకు వాడలేదంటే, ఛార్జ్ అయ్యేటప్పుడు సిలికాన్ మూడు నాలుగింతలు ఉబ్బుతుంది, దిగేటప్పుడు మళ్లీ సంకోచిస్తుంది, అలా కొన్నాళ్లకి లోపల పగుళ్లిచ్చి పాడైపోతుంది. ఇప్పుడు దాన్ని కార్బన్‌తో కలిపి ఆ ఉబ్బుని అదుపులో పెట్టే పద్ధతి పట్టుకున్నారు. చైనా కంపెనీలు దీని మీద గట్టిగా పడ్డాయి. వన్‌ప్లస్ 15లో 7,300 ఎంఏహెచ్ పెట్టారు, అది రూ.72,999కి వచ్చిన ఫోను, సరే, మనది కాదు. కానీ 2025 ఏప్రిల్‌లోనే వివో టీ4 అదే 7,300తో రూ.21,999కి వచ్చింది. లక్ష పైన పెట్టి కొన్న ఫోన్ మధ్యాహ్నానికి చార్జర్ వెతుక్కుంటుంటే ఇరవై రెండు వేల ఫోన్ రెండో రోజు కూడా నడుస్తోందంటే, ఇందులో ఏది ముందుకెళ్లడమో మీరే చెప్పండి. యాపిల్, శాంసంగ్ ఎందుకు ఆగాయన్నదానికి చాలా కారణాలు చెప్తారు, ఒకటి మాత్రం నాకు సబబుగానే అనిపించింది. 20 వాట్-అవర్లు (బ్యాటరీలో పట్టే శక్తికి కొలత) దాటిన సెల్‌ని రవాణా చెయ్యాలంటే అమెరికా లాంటి చోట్ల నిబంధనలు కఠినం, ఆ లెక్క అయిదు వేల ఎంఏహెచ్ పైన ఎక్కడో తగులుతుంది. అంటే ఎక్కడో అమెరికా రవాణా రూలు వల్ల ఇక్కడ మన జేబులో ఫోన్ సాయంత్రానికి చచ్చిపోవాలన్నమాట.

ఐఫోన్ ఎయిర్‌లో నాకు బ్యాటరీ కన్నా నచ్చనిది ఇంకోటుంది. దానికి సిమ్ పెట్టే చోటే లేదు. అంతా ఈ-సిమ్, అంటే బయటికి తియ్యలేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్. ఇది చదువుతున్న హైదరాబాద్ వాళ్లకి ఇదేం సమస్య అనిపిస్తుంది. మా ఊరు వచ్చి చూడండి. ఊరి శివారు దాటితే మహేంద్రతనయ అవతల పాతపట్నం, అది ఆంధ్ర. మా ఇంట్లో హాల్లో కూర్చుంటే ఒడిశా టవరు, మేడ మీదకెళ్తే ఆంధ్ర టవరు, మెట్ల మీద నిలబడితే ఏదీ ఉండదు. అందుకే ఇక్కడ చాలామందికి రెండు సిమ్ములు, ఒకటి అటుదీ ఒకటి ఇటుదీ. పాత రోజుల్లో ఫోన్ దానంతటదే అవతలి టవరు పట్టుకుంటే రోమింగ్ పేరుతో బ్యాలెన్స్ కోసేసేవారు, మంచం మీంచి కదలకుండానే పరాయి రాష్ట్రం వెళ్లొచ్చినట్టు. 2016లో జియో వచ్చి రోమింగ్ ఉచితం అన్నాక, 2017లో మిగతావాళ్లూ తీసేశాక ఆ పీడ వదిలింది. కానీ రెండు సిమ్ముల అలవాటు పోలేదు, పోనవసరం కూడా లేదు.

ఫోన్ నీళ్లలో పడిందనుకోండి, డిస్‌ప్లే పోయిందనుకోండి. మామూలు సిమ్ అయితే పిన్నుతో ట్రే లాగి, బీరువాలో ఉన్న పాత కీప్యాడ్ ఫోన్లో వేసి అయిదు నిమిషాల్లో మాట్లాడేస్తాం. ఈ-సిమ్ అయితే దాన్ని వేరే ఫోన్లోకి మార్చుకోవాలి, దానికి ఇంటర్నెట్ కావాలి, కంపెనీ వాళ్ల వెరిఫికేషన్ కావాలి, తుఫాను రోజు అవన్నీ ఎక్కడ తేను? ఇండియాలో అమ్మే ఐఫోన్ 17కి ఇంకా ఒక సిమ్ ట్రే ఉంచారు, అంతవరకు నయం. మేనల్లుడికి ఇదంతా చెప్తే "అక్కడ టెన్షన్లు నీకుంటాయి గానీ నాకేంటి మావయ్యా" అన్నాడు. వాడి మాటా నిజమే, వాడు ఇక్కడికి దసరాకి తప్ప రాడు.

టవర్ల మాట వచ్చింది కాబట్టి, ఎయిర్ వచ్చిన సెప్టెంబరులో అందరూ ఐఫోన్ల గురించి కొట్టుకుంటుంటే నా దృష్టిలో అంతకన్నా పెద్ద టెక్ వార్త మన ఒడిశాలోనే జరిగింది. 2025 సెప్టెంబరు 27న ఝార్సుగూడలో ప్రధాని బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీని మొదలుపెట్టారు. ఒకేసారి 97,500కి పైగా టవర్లు. టీసీఎస్, తేజస్ నెట్‌వర్క్స్, ప్రభుత్వ సంస్థ సీ-డాట్ కలిసి మొత్తం పరికరాలూ సాఫ్ట్‌వేరూ ఇక్కడే చేశారు. ఇలా సొంతంగా చేసుకోగలిగే దేశాలు అంతకుముందు స్వీడన్, ఫిన్లాండ్, దక్షిణ కొరియా, చైనా లాంటి కొన్నే. సిగ్నలే లేని 26,700 ఊళ్లకి దీంతో సిగ్నల్ ఇస్తామన్నారు, అందులో ఒడిశావి 2,472. జియో, ఎయిర్‌టెల్ 2022లోనే 5జీ మొదలుపెట్టాక ఇప్పుడు 4జీ ఏమిటని నవ్వినవాళ్లున్నారు. నవ్వనీండి. గుమ్మ, సెరంగో వైపు కొండల్లో తిరిగినవాడెవడూ నవ్వడు, అక్కడ ఏ జీ అయినా సరే ముందు ఒక్క గీత సిగ్నల్ కనిపిస్తే చాలు. అయితే టవరు నిలబెట్టడం వేరు, డీజిలు అయిపోకుండా, బ్యాటరీలు పాడవకుండా దాన్ని నడపడం వేరు. చాలా టవర్లకి సోలార్ పెట్టామంటున్నారు కాబట్టి ఒకట్రెండు వానాకాలాలు గడిచాక మాట్లాడదాం.

ఇక నన్ను నిజంగా ఊరించిన వస్తువు చెవిలో పెట్టుకునే అనువాదం. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 26తో పాటు యాపిల్ ఇయర్‌ఫోన్లు ఎయిర్‌పాడ్స్‌లో ఇది ఇచ్చారు. ఎదుటివాడు స్పానిష్‌లో మాట్లాడితే మన చెవిలో ఇంగ్లీషులో వినిపిస్తుంది. కొత్త ఎయిర్‌పాడ్స్ ప్రో 3 విడుదల ధర రూ.25,900, దానికి తోడు ఐఫోన్ 15 ప్రో గానీ అంతకన్నా కొత్తది గానీ ఉండాలి. వచ్చినప్పుడు ఉన్న భాషలు ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, పోర్చుగీస్, స్పానిష్. తెలుగు లేదు, ఒడియా లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలుగువాళ్లం ఎనిమిది కోట్ల పైన, ఒడియావాళ్లు మూడు కోట్ల డెబ్భై అయిదు లక్షలు, ఇంతమంది ఉన్నా లైన్లో వెనకే. 2025 డిసెంబరులో గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో ఏ ఇయర్‌ఫోన్‌తోనైనా పనిచేసేలా ఇలాంటిదే వదిలారు, ముందుగా ఇచ్చిన దేశాల్లో ఇండియా ఉంది. అది నాకు ఎక్కువ నచ్చింది, మూడు వందల రూపాయల వైరున్న ఇయర్‌ఫోన్ చాలు కదా.

కానీ ఈ అనువాదాలన్నీ ఒకటి అనుకుంటాయి. ఇద్దరు మనుషులు, వాడికో భాష, వీడికో భాష. మా సంతలో అలా ఉండదు. కొండ మీంచి పసుపూ అల్లం చింతపండూ తెచ్చిన సవర గిరిజన తెగ ఆవిడ షావుకారుతో ఒడియాలో బేరమాడుతుంది, పక్కనున్న కూతురితో సవరలో గొణుగుతుంది, నాతో తెలుగులో "తీసుకో బాబూ, మంచిది" అంటుంది. నేను "కేతే?" అని ఒడియాలో ధర అడిగి, ఆవిడ చెప్పింది విని, "అంతా? టికే కమ్ కరొ" అని కొంచెం తగ్గించమని, మళ్లీ తెలుగులో "పోనీ అరకేజీ ఇయ్యమ్మా" అంటాను. ఇదంతా ఒక్క ఊపిరిలో. ఒక అనువాద యాప్‌ని ఆన్ చేసి ఫోన్ చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాను సరదాకి. అది మా మాటల్ని హిందీ అనుకుంది, కాసేపటికి బెంగాలీ అనుకుంది, ఆ తర్వాత అలిసిపోయి ఊరుకుంది. ఆవిడ మాత్రం నా జేబులోంచి వచ్చే గొంతు విని నవ్వి నవ్వి అల్లం కొంచెం ఎక్కువేసింది.

గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు 2011లో వచ్చింది, ఒడియాకి 2020 దాకా పట్టింది. గూగుల్ వాళ్ల ఏఐ యాప్ జెమినై 2024 జూన్‌లో ఇండియాకి వచ్చినప్పుడు ఇచ్చిన తొమ్మిది భారతీయ భాషల్లో తెలుగుంది, ఒడియా లేదు. మా జిరాక్సు షాపుకి వచ్చే ఒడియా పిల్లలు దీనికి కుళ్లుకుంటారు, "మీకన్నీ ముందే వస్తాయి" అని. సవర గురించి అడిగేవాడే లేడు, మాట్లాడేవాళ్లు నాలుగు లక్షలున్నా. ఆ భాషకి సొంత లిపి ఉంది, సొర సొంపెంగ్ అంటారు, 2012లో యూనికోడ్‌లో (కంప్యూటర్లన్నీ వాడే అక్షరాల పట్టికలో) కూడా చేర్చారు. కానీ యంత్రానికి నేర్పాలంటే ఇంటర్నెట్‌లో బోలెడంత రాత ఉండాలి, సవరకి అది లేదు. ఇదే ఊళ్లో రాజావారి బడిలో పంతులుగా 1880లో చేరిన గిడుగు రామమూర్తిగారు సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ ఆ భాష నేర్చుకుని, వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవమని చేస్తాం, సవర సంగతి ఆ రోజు కూడా ఎవరికీ గుర్తుండదు.

ఫోన్ లేకుండా చొక్కాకి తగిలించుకునే ఏఐ పిన్ అని ఒకటి 2024లో 699 డాలర్లకి వచ్చింది, గుర్తుందా? 2025 ఫిబ్రవరిలో ఆ కంపెనీ ఆస్తుల్లో చాలావాటిని హెచ్‌పీ కొనేసింది, నెలాఖరుకి కొన్నవాళ్ల పిన్నులన్నీ పనిచెయ్యడం ఆగిపోయాయి. దీని గురించి ఇంతకన్నా రాయడం దండగ.

నా షాపు సంగతి వేరే. జిరాక్సు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, టికెట్లు, ఇదీ నా పని. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేసింది. నా కంప్యూటర్లలో ఒకటి పాతది, ప్రాసెసరు సరిపోదని విండోస్ 11 ఎక్కనివ్వదు, అది మాత్రం రాయిలా పనిచేస్తోంది. ఆధార్ నంబర్లూ బ్యాంకు కాగితాలూ పట్టుకుని జనం వస్తారు కాబట్టి సెక్యూరిటీ అప్‌డేట్లు లేనిదాన్ని నెట్‌కి తగిలించలేను. దాన్ని స్కానింగుకీ ప్రింటింగుకీ మాత్రం ఉంచి, రెండోదానికి ర్యామ్ పెంచుదామని చూస్తే ధరలు మండుతున్నాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులన్నీ ఊడ్చుకుపోతున్నాయి, మామూలు వాళ్లకి ర్యామ్‌లు అమ్మే క్రూషల్ బ్రాండునే మూసేస్తామని మైక్రాన్ 2025 డిసెంబరులో చెప్పేసింది. అదే చిప్పు ఫోన్లలోనూ ఉంటుంది కాబట్టి ఫోన్లూ పెరుగుతాయి. ఏఐ యాప్ ఏడాది ఉచితం అని ఒక చేత్తో ఇచ్చారు, ర్యామ్ ధర రూపంలో రెండో చేత్తో లాక్కుంటున్నారు.

ఫోన్ కొనాలనుకున్నవాళ్లు ఎక్కువ రోజులు ఆగకండి, ఇదే మా షాపు దగ్గర అడిగేవాళ్లకి చెప్తున్నా. ఆన్‌లైన్లో బుక్ చేసుకుంటే మా 761200 పిన్‌కోడ్‌కి డెలివరీ లేదని చూపించిన వస్తువు పాతపట్నంలో చుట్టాల అడ్రస్ ఇస్తే వచ్చేస్తుంది, ఆ కిటుకు ఇక్కడ అందరికీ తెలిసిందే. సర్వీస్ సెంటరు మాత్రం ఏ అడ్రస్ ఇచ్చినా రాదు, బరంపురమో శ్రీకాకుళమో మనమే మోసుకెళ్లాలి. కాబట్టి మన బజారులో డిస్‌ప్లే, ఛార్జింగ్ పిన్ను దొరికే మోడల్ అయితేనే తీసుకోండి, బ్యాటరీ ఆరు వేల పైన, సిమ్ ట్రే ఉండాలి. కెమెరా గురించి నన్నడక్కండి, నా ఫొటోలన్నీ ఎలాగూ వంకరే.

మేనల్లుడు ఎయిర్ కొనలేదట, 17 తీసుకున్నాడట. ట్రే ఉన్నది.